ఇన్‌పుట్ హద్దు దాటిన వోల్టేజీని కొలవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

మల్టీమీటర్‌కు గానీ, ఆసిలోస్కోప్‌కు గానీ, బోర్డు మీది ఏడీసీకి (వోల్టేజీని అంకెగా మార్చే భాగానికి) గానీ ఇన్‌పుట్ దగ్గర ఒక హద్దు ఉంటుంది. కొలవాల్సిన వోల్టేజీ ఆ హద్దు కన్నా పెద్దదైతే తగ్గించి ఇవ్వాలి. తగ్గించడం పెద్ద కష్టమేమీ కాదు. తగ్గించిన వోల్టులు ఎక్కడ పడుతున్నాయి, దేన్ని సున్నాగా పెట్టుకుని కొలుస్తున్నాం అనే రెండు విషయాల దగ్గరే తంటాలన్నీ వస్తాయి. కింది జవాబులు ఎక్కువగా వీటి చుట్టూనే తిరుగుతాయి.

స్కోప్ స్క్రీన్ మీద వేవ్‌ఫారం పైనా కిందా కోసేసినట్టు కనిపిస్తోంది. స్కోప్ పాడైపోతుందా?

ఆ ఒక్క కారణంతో పాడవదు. రేంజ్ వేరు, రేటింగ్ వేరు. గడికి 5 వోల్టులు పెట్టి, నిలువునా 8 గళ్లున్న స్క్రీన్ మీద 40 వోల్టుల వరకే చూడగలం. అది రేంజ్. అదే స్కోప్ ఇన్‌పుట్ పక్కన 300 వోల్టులని రాసి ఉండొచ్చు. అది రేటింగ్, అంటే తట్టుకోగలిగినంత. 60 వోల్టుల సిగ్నల్ ఇస్తే అంచులు తెగి కనిపిస్తాయి తప్ప లోపల ఏదీ కాలదు.

కొలత మాత్రం తప్పుతుంది. తెగిపోయిన వేవ్‌ఫారానికి కూడా స్కోప్ పీక్ (పైఅంచు) ఎంత, ఆర్‌ఎంఎస్ (అంతే వేడినిచ్చే డీసీకి సమానమైన విలువ) ఎంత అని లెక్కేసి చూపిస్తుంది. కొన్ని మోడళ్లు పక్కన ఒక ప్రశ్నార్థకమో బాణం గుర్తో పెడతాయి, కొన్ని అదీ పెట్టవు. ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌లో ఏయే ఫ్రీక్వెన్సీలున్నాయో చూపే లెక్క) పెడితే అసలు సిగ్నల్‌లో లేని హార్మోనిక్స్ (మూల ఫ్రీక్వెన్సీకి రెట్లు) కూడా వరుసగా కనిపిస్తాయి.

ఒక మినహాయింపు ఉంది. ఇన్‌పుట్‌ను 50 ఓమ్‌లకు మార్చినప్పుడు రేటింగ్ సాధారణంగా 5 వోల్టుల ఆర్‌ఎంఎస్‌కు పడిపోతుంది. అంటే అరవాట్. లోపల ఉండే ఆ చిన్న రెసిస్టర్ అంతకు మించి మోయలేదు. 1 మెగా ఓమ్ సెట్టింగ్‌లో ఏమీ కాని 24 వోల్టులు ఇక్కడ దాన్ని కాల్చేస్తాయి. స్కోప్ ఇన్‌పుట్లు పోవడానికి హైవోల్టేజీ ఒక్కటే కారణం అనుకోకండి, ఈ ఒక్క మెనూ సెట్టింగ్ కూడా చాలు.

ఎంతవరకు తట్టుకుంటుందో ఎక్కడ చూడాలి?

ముందు ఇన్‌పుట్ సాకెట్ పక్కన, తరవాత మాన్యువల్‌లో. అంకెను మాత్రమే చూసి వదిలేయకండి. అది ఆర్‌ఎంఎస్సా, పీకా, డీసీకి ఏసీ పీక్ కలిపి చెప్పిన అంకా అన్నది కూడా చూడాలి. 300 వోల్టుల ఆర్‌ఎంఎస్ అంటే పీక్ సుమారు 424. 300 వోల్టుల పీక్ అంటే అంతే, ఇంకేమీ లేదు.

ప్రోబ్ (సర్క్యూట్‌కు తాకించే మొన, దాని కేబుల్), లీడ్లు, అడాప్టర్, మీటర్ వీటన్నింటిలో అన్నిటికన్నా తక్కువ రేటింగ్ దేనికుందో అదే మొత్తానికి రేటింగ్. వెయ్యి వోల్టుల మీటర్‌కు 300 వోల్టుల లీడ్లు తగిలిస్తే మీ చేతిలో ఉన్నది 300 వోల్టుల మీటరే.

అసలు ఎంత వోల్టేజీ ఉందో తెలియకపోతే?

ప్రోబ్ పెట్టకముందే కాగితం మీద ఒక అంచనా వేయండి. 230 వోల్టుల మెయిన్స్ అంటే పీక్ 325. దాన్ని రెక్టిఫై చేసి కెపాసిటర్ పెడితే డీసీ కూడా అంతే వస్తుంది. పవర్ ఫ్యాక్టర్ సరిచేసే దశ ఉన్న సప్లైలో ఆ డీసీ 380 నుంచి 400 దాకా ఉంటుంది. 12 వోల్టుల రిలే కాయిల్‌కు డయోడ్ లేకపోతే, ఆఫ్ చేసిన క్షణంలో వందల వోల్టుల స్పైక్ వస్తుంది. సప్లై 12 వోల్టులే కాబట్టి భయం లేదనుకునే వాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే.

అంచనా అందకపోతే మీ దగ్గరున్న అన్నిటికన్నా ఎక్కువ తగ్గించే ప్రోబ్‌తో, అన్నిటికన్నా పెద్ద రేంజ్‌తో మొదలుపెట్టి కిందికి రండి. ఆటోరేంజ్ మీద భారం వేయకండి. అది చదవడానికి వీలుగా రేంజ్ మారుస్తుంది, అంతేగానీ తట్టుకునే శక్తిని పెంచదు.

10ఎక్స్ ప్రోబ్ లోపల ఏం జరుగుతుంది?

ప్రోబ్ మొనలో 9 మెగా ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. స్కోప్ ఇన్‌పుట్ 1 మెగా ఓమ్. రెండూ కలిసి డివైడర్ (వోల్టేజీని పంచుకునే జంట) అవుతాయి. 100 వోల్టుల్లో 90 ప్రోబ్ మీద పడతాయి, 10 స్కోప్‌కు చేరతాయి. గడికి 5 వోల్టుల రేంజ్ కాస్తా గడికి 50 వోల్టులవుతుంది.

ఇంతవరకు డీసీ సంగతి. స్కోప్ ఇన్‌పుట్‌కు 1 మెగా ఓమ్‌తో పాటు పది ఇరవై పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది, దానికి కేబుల్ కెపాసిటెన్స్ తోడవుతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కరెంటు రెసిస్టర్లను వదిలేసి కెపాసిటర్ల దారి పడుతుంది. అందుకే మొనలో ఉన్న 9 మెగా ఓమ్‌కు సమాంతరంగా ఒక చిన్న కెపాసిటర్ కూడా ఉంటుంది. పై రెసిస్టర్‌ను పై కెపాసిటర్‌తో గుణిస్తే వచ్చేది, కింది రెసిస్టర్‌ను కింది కెపాసిటర్‌తో గుణిస్తే వచ్చేది సమానమైతే, అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ పదో వంతే చేరుతుంది. ప్రోబ్ మీద ఉండే చిన్న స్క్రూ ఈ సమానత్వం కోసమే. స్కోప్ ముందున్న 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ పెట్టి, మూలలు ఉబ్బకుండా, గుండ్రంగా అరిగిపోకుండా తిప్పాలి. ప్రోబ్‌ను ఇంకో ఛానల్‌కు మార్చినా మళ్లీ చూసుకోవాలి, ఎందుకంటే కింది కెపాసిటర్‌లో ఆ ఛానల్‌ది కూడా ఒక భాగం.

కొలిచే సర్క్యూట్ మీద భారం తగ్గడం కూడా ఈ ప్రోబ్‌తో వచ్చే లాభమే. నా మట్టుకు 1ఎక్స్ స్విచ్ అసలు లేకపోయినా బాగుండేదనిపిస్తుంది. ఆ స్థానంలో బ్యాండ్‌విడ్త్ పది మెగాహెర్ట్జ్ లోపే ఉంటుంది, వోల్టేజీ రేటింగ్ కూడా తక్కువ. పొరపాటున వేలు తగిలి స్విచ్ జరిగితే మొత్తం వోల్టేజీ నేరుగా స్కోప్‌కు వెళ్తుంది.

ప్రోబ్ మీద 600 వోల్టులని ఉంది. ఏ ఫ్రీక్వెన్సీలోనైనా అంతేనా?

కాదు. మాన్యువల్ తెరిస్తే ఫ్రీక్వెన్సీతో పాటు కిందికి జారే ఒక గీత కనిపిస్తుంది. డీసీలో 600 ఉన్న ప్రోబ్ వంద మెగాహెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి కొన్ని పదుల వోల్టులకే పరిమితమవుతుంది.

కారణం మొన దగ్గరి కెపాసిటెన్స్. అది 12 పికోఫారడ్లు అనుకుందాం. డీసీలో ప్రోబ్ 10 మెగా ఓమ్‌లుగా కనిపిస్తుంది. 1 మెగాహెర్ట్జ్ దగ్గర అదే 13 కిలో ఓమ్‌లు, 10 మెగాహెర్ట్జ్ దగ్గర 1.3 కిలో ఓమ్‌లే. 10 మెగాహెర్ట్జ్‌లో 200 వోల్టులు పెడితే మొనలోంచి 150 మిల్లీయాంపులు పారతాయి. అంత సన్నని మొన వేడెక్కకుండా ఎలా ఉంటుంది? ట్రాన్స్‌మిటర్ల మీద, ఇండక్షన్ హీటర్ల మీద పనిచేసేవాళ్లు ఈ గీతను చూడకుండా ప్రోబ్ పెట్టకూడదు.

స్కోప్ మెనూలో ప్రోబ్ 1ఎక్స్ అని ఉంటే ఏమవుతుంది?

తగిలించింది 10ఎక్స్ ప్రోబ్ అయితే, 230 వోల్టులు ఉన్నచోట 23 అని చూపిస్తుంది. స్కోప్‌కు ఏమీ కాదు. 23 వోల్టులే కదా అని వేలు పెట్టినవాడికి అవుతుంది. సెట్టింగ్ సరిపోయిందో లేదో వోల్టేజీ తెలిసిన బ్యాటరీ మీద ఒకసారి చూసుకోండి.

రెండు రెసిస్టర్లతో సొంతంగా డివైడర్ చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, నెమ్మదిగా మారే సిగ్నళ్లకు అది చాలు కూడా. 100 వోల్టులను 10 వోల్టుల డేటా లాగర్‌కు ఇవ్వాలంటే పైన 90, కింద 10 కిలో ఓమ్‌లు. లెక్క అంతే. లెక్కలో కనిపించని సంగతులు మాత్రం కొన్ని ఉన్నాయి.

లాగర్ ఇన్‌పుట్ రెసిస్టెన్స్ కింది రెసిస్టర్‌కు సమాంతరంగా చేరుతుంది. అది 1 మెగా ఓమ్ అయితే పై ఉదాహరణలో కొలత దాదాపు 0.9 శాతం తక్కువ వస్తుంది. కరెంటు తగ్గిద్దామని 9 మెగా ఓమ్‌లు, 1 మెగా ఓమ్ పెట్టారనుకోండి, అదే లాగర్ 47 శాతం తక్కువ చూపిస్తుంది. ఇన్‌పుట్ రెసిస్టెన్స్ ఎంతో తెలిస్తే దాన్ని లెక్కలో కలిపేసుకోవచ్చు. లేదా మధ్యలో ఒక ఆప్-యాంప్ బఫర్ (డివైడర్ నుంచి దాదాపు కరెంటు లాగని దశ) పెట్టండి.

వేడి సంగతి. 90, 10 కిలో ఓమ్‌ల జంట 100 వోల్టుల మీద 0.1 వాట్ తీసుకుంటుంది. అదే జంట మీద 1000 వోల్టులు పెడితే 10 వాట్లు. వోల్టేజీ పది రెట్లయితే వేడి వంద రెట్లవుతుంది.

వేడి తక్కువే ఉన్నా వోల్టేజీ హద్దు దాటొచ్చు, చాలామంది దీన్ని మరిచిపోతారు. రెసిస్టర్‌కు వాట్లతో పాటు వోల్టుల రేటింగ్ కూడా ఉంటుంది. మామూలు పావు వాట్ మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లలో చాలావాటికి అది 250 వోల్టుల దగ్గర ఉంటుంది, 0805 సైజు ఎస్‌ఎండీకి (బోర్డు మీదే అతికించే చిన్న రెసిస్టర్‌కు) సాధారణంగా 150. పది మెగా ఓమ్ రెసిస్టర్ మీద 1000 వోల్టులు పడితే వేడి 0.1 వాటే. అయినా లోపలి పొర మీదుగా స్పార్క్ రావచ్చు. అందుకే పైన ఒకే రెసిస్టర్ బదులు ఒక్కో మెగా ఓమ్ చొప్పున పదింటిని వరుసగా పెడతారు. ఒక్కోదాని మీద వందే పడుతుంది. ఒకటి షార్ట్ అయినా మిగతా తొమ్మిది ఉంటాయి.

కింది రెసిస్టర్ ఓపెన్ అయితే? మొత్తం వోల్టేజీ దాదాపుగా పరికరానికే వెళ్తుంది. కింద ఒకే రెసిస్టర్ బదులు రెట్టింపు విలువ ఉన్న రెండింటిని సమాంతరంగా పెట్టడం చవకైన జాగ్రత్త.

1 శాతం టాలరెన్స్ ఉన్న రెసిస్టర్లతో చేసిన 10:1 డివైడర్ నిష్పత్తి మరీ దురదృష్టమైతే 1.8 శాతం వరకు తేడా రావచ్చు. తెలిసిన వోల్టేజీ ఇచ్చి ఒకసారి సరిచూసి, వచ్చిన నిష్పత్తినే రాసి పెట్టుకుంటే ఖరీదైన రెసిస్టర్ల అవసరం ఉండదు. ఇక ఫ్రీక్వెన్సీ విషయానికొస్తే, 90, 10 కిలో ఓమ్‌ల జంటకు 100 పికోఫారడ్ల కేబుల్ తగిలిస్తే దాదాపు 177 కిలోహెర్ట్జ్ దగ్గరే సిగ్నల్ 3 డెసిబెల్స్ పడిపోతుంది. వేగంగా మారే సిగ్నళ్లకు ప్రోబ్ కొనుక్కోవడమే మేలు.

3.3 వోల్టుల ఏడీసీతో 60 వోల్టుల బ్యాటరీని చూడాలి. డివైడర్‌తో పాటు జీనర్ (హద్దు దాటిన వోల్టేజీని ఆపే డయోడ్) పెడితే సరిపోతుందా?

190, 10 కిలో ఓమ్‌ల డివైడర్ 60 వోల్టులను 3 వోల్టులు చేస్తుంది. 12 బిట్ల ఏడీసీలో ఒక్కో మెట్టు బ్యాటరీ వైపు 16 మిల్లీవోల్టులు. పిన్ దగ్గర 100 నానోఫారడ్ల కెపాసిటర్ ఒకటి పెట్టండి. శాంపిల్ తీసే క్షణంలో లోపలి చిన్న కెపాసిటర్‌కు కావలసిన చార్జ్ దీన్నుంచి వస్తుంది.

జీనర్ గురించి నాది కాస్త వ్యతిరేకాభిప్రాయమే. 3.3 వోల్టుల జీనర్ 3.3 దగ్గర ఉన్నట్టుండి తెరుచుకునే తలుపు కాదు. 2, 2.5 వోల్టుల నుంచే కరెంటు లాగడం మొదలుపెడుతుంది. పైన 190 కిలో ఓమ్‌లు ఉన్నప్పుడు ఆ కొద్ది కరెంటే కొలతను వంచేస్తుంది. తక్కువ లీకేజీ డయోడ్‌ను పిన్ నుంచి సప్లై వైపుకు, ఇంకోదాన్ని గ్రౌండ్ నుంచి పిన్ వైపుకు పెట్టడం మెరుగు. షాట్కీ రకం డయోడ్ అయితే త్వరగా తెరుచుకుంటుంది గానీ, వేడిలో దాని లీకేజీ కూడా పెరుగుతుంది.

చాలా చిప్‌లలో పిన్ వోల్టేజీ సప్లైని 0.3 వోల్టులకు మించి దాటకూడదు. బోర్డు ఆఫ్‌లో ఉన్నప్పుడు సప్లై సున్నా కదా, అప్పుడు పిన్ మీదున్న 3 వోల్టులే హద్దు దాటినట్టు! ఇక్కడ కాపాడేది పైనున్న 190 కిలో ఓమ్‌లే. 60 వోల్టుల మీద కూడా అది 0.32 మిల్లీయాంపులకు మించి పారనివ్వదు. క్లాంప్ (వోల్టేజీని హద్దు దగ్గర ఆపే ఇలాంటి డయోడ్) ఏది పెట్టినా కరెంటును అదుపు చేసేది దాని ముందున్న రెసిస్టర్. అది లేని క్లాంప్ ఒక్క క్షణం పనిచేసి కాలిపోతుంది.

మల్టీమీటర్‌కు 1000:1 హైవోల్టేజీ ప్రోబ్ పెట్టాను. రీడింగ్ ఎక్కువ వస్తోంది. ఎందుకు?

మీటర్ ఇన్‌పుట్ రెసిస్టెన్స్ చూడండి. ఈ ప్రోబ్‌లు ఎక్కువగా 10 మెగా ఓమ్‌ల మీటర్‌ను లెక్కలో పెట్టుకుని తయారవుతాయి. లోపల పైన సుమారు 1000 మెగా ఓమ్‌లు, కింద 1.11 మెగా ఓమ్‌లు ఉన్నాయనుకోండి. మీటర్ 10 మెగా ఓమ్‌లు సమాంతరంగా చేరితే కింది విలువ 1 మెగా ఓమ్ అవుతుంది, నిష్పత్తి కుదురుతుంది. బెంచ్ మీటర్లలో చాలావాటికి 10 వోల్టులు, అంతకన్నా కింది రేంజ్‌లలో ఇన్‌పుట్ 10 గిగా ఓమ్‌లకు పైగా ఉంటుంది. దానికి ఇదే ప్రోబ్ తగిలిస్తే రీడింగ్ 11 శాతం ఎక్కువ వస్తుంది. మెనూలో 10 మెగా ఓమ్‌లు ఎంచుకునే వీలుంటే మార్చండి.

ఇవి డీసీకి, మెయిన్స్ ఫ్రీక్వెన్సీకే. పల్సులకు పనికిరావు. ప్రోబ్ గ్రౌండ్ క్లిప్‌ను అన్నిటికన్నా ముందు తగిలించి, అన్నిటికన్నా చివర తీయాలి. ఆ క్లిప్ ఊడితే మొత్తం వోల్టేజీ మీటర్ వైపు, అంటే మీ వైపు వస్తుంది.

మెయిన్స్‌ను స్కోప్‌లో చూడాలి. గ్రౌండ్ క్లిప్‌ను న్యూట్రల్‌కు పెట్టొచ్చా?

పెట్టకండి. మామూలు బెంచ్ స్కోప్‌లో గ్రౌండ్ క్లిప్, సాకెట్ల లోహం, లోపలి చాసిస్, ప్లగ్‌లోని ఎర్త్ పిన్ అన్నీ ఒకే తీగ. క్లిప్‌ను ఎక్కడ పెడితే అక్కడ ఎర్త్ పెట్టినట్టే. ఫేజ్‌కు పెడితే షార్ట్ సర్క్యూట్, క్లిప్ కరిగిపోతుంది. న్యూట్రల్ కూడా ఎర్త్ కాదు, లోడ్ నడుస్తుంటే రెండిటి మధ్య కొన్ని వోల్టులు ఉంటాయి. ఆ తేడాతో స్కోప్ గ్రౌండ్ గుండా కరెంటు పారుతుంది, లీకేజీని పట్టే బ్రేకర్ ఉంటే పడిపోతుంది. సాకెట్‌లో ఫేజ్, న్యూట్రల్ తారుమారై ఉంటే నేరుగా ఫేజ్‌కే పెట్టినట్టవుతుంది.

సప్లైలోని బ్రిడ్జి రెక్టిఫయర్ తరవాత వచ్చే మైనస్‌కు పెట్టడమూ ఇంతే ప్రమాదం. అది పేరుకు మైనస్, మెయిన్స్‌లోని సగం సైకిల్‌లో ఫేజ్‌కు అతుక్కుని ఉంటుంది.

స్కోప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేసి తేల్చి కొలవడం పాత అలవాటు. చాలామంది చేస్తారు, ఏమీ కాలేదనీ చెబుతారు. అప్పుడు క్లిప్ ఎక్కడ పెడితే ఆ వోల్టేజీ స్కోప్ ఒంటి మీదకంతా వస్తుంది. ముట్టుకున్న మనిషే ఎర్త్ అవుతాడు. ఈ పద్ధతిని నేను ఎవరికీ చెప్పను.

చేయదగినవి: డిఫరెన్షియల్ ప్రోబ్ (రెండు పాయింట్ల మధ్య తేడానే చూపేది), లేదా ఛానళ్లు ఒకదానికొకటి, ఎర్త్‌కూ సంబంధం లేకుండా ఉండే ఐసొలేటెడ్ స్కోప్. బ్యాటరీతో నడిచే చేతి స్కోప్ కూడా పనికొస్తుంది, మెయిన్స్‌కు రేటింగ్ ఉన్నదైతేనే. పరీక్షించే పరికరానికి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం ఇంకో దారి. అయితే స్కోప్ క్లిప్ పెట్టగానే ఆ పాయింట్ మళ్లీ ఎర్త్ అయిపోతుంది, మిగతా సర్క్యూట్‌ను ముట్టుకుంటే షాక్ కొడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఉంది కదా అని చేతులు పెట్టేయకండి.

యూఎస్‌బీ స్కోప్‌ల గ్రౌండ్ నేరుగా కంప్యూటర్ గ్రౌండే. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేస్తే చాలనుకుంటారు కొందరు. అప్పుడు ల్యాప్‌టాప్ మొత్తం మెయిన్స్ వోల్టేజీలో తేలుతుంది.

రెండు ప్రోబ్‌లు పెట్టి ఒక ఛానల్‌లోంచి ఇంకోదాన్ని తీసేస్తే డిఫరెన్షియల్ అయినట్టే కదా?

అయినట్టే, ముతకగా. గ్రౌండ్ క్లిప్‌లను ఎక్కడా తగిలించకుండా, రెండు ఛానళ్లనూ ఒకే స్కేల్‌లో పెట్టాలి. ఏ ఒక్కటి స్క్రీన్ దాటినా తీసివేత అబద్ధమవుతుంది. రెండు ప్రోబ్‌ల మధ్య 1 శాతం తేడా ఉంటే 325 వోల్టుల ఉమ్మడి వోల్టేజీ (రెండు పాయింట్ల మీదా ఒకేలా ఉన్నది) మీద 3 వోల్టులకు పైగా లేని సిగ్నల్ కనిపిస్తుంది. మెయిన్స్ ఆకారం చూడ్డానికి పనికొస్తుంది, షంట్ (కరెంటు కొలవడానికి పెట్టే చిన్న రెసిస్టర్) మీద మిల్లీవోల్టులు చూడ్డానికి కాదు.

డిఫరెన్షియల్ ప్రోబ్ కొన్నాను. ఇక టెన్షన్ లేదా?

సగం తగ్గినట్టే. దీనికి రెండు హద్దులుంటాయి. రెండు లీడ్ల మధ్య ఎంత ఉండొచ్చు అన్నది ఒకటి, ఏ లీడ్ అయినా ఎర్త్‌కు ఎంత ఎత్తులో ఉండొచ్చు అన్నది రెండోది. తక్కువ అటెన్యుయేషన్‌కు (తగ్గింపుకు) స్విచ్ మార్చితే మొదటిది తగ్గుతుంది.

ఉమ్మడి వోల్టేజీని తోసిపుచ్చే శక్తి కూడా ఫ్రీక్వెన్సీతో పడిపోతుంది. 50 హెర్ట్జ్‌లో 80 డెసిబెల్స్ అంటే 400 వోల్టులకు 40 మిల్లీవోల్టుల దొంగ సిగ్నల్. వేగంగా స్విచ్ అయ్యే ఇన్వర్టర్‌లో, మెగాహెర్ట్జ్‌లలో అది 50 డెసిబెల్స్‌కు దిగితే దొంగ సిగ్నల్ వోల్టు దాటుతుంది. కనిపిస్తున్న స్పైక్ నిజమా కాదా తేల్చుకోవడానికి మంచి పరీక్ష ఒకటుంది: రెండు లీడ్లనూ కలిపి అదే పాయింట్‌కు పెట్టండి. సున్నా గీత రావాలి. రాకపోతే కనిపిస్తున్నదంతా ప్రోబ్ తప్పే.

క్యాట్ 2, క్యాట్ 3 అంటే ఏమిటి? వోల్టులు చాలవా?

చాలవు. క్యాట్ అంటే మెయిన్స్‌లో ఏ చోట కొలవచ్చో చెప్పే కేటగిరీ. మెయిన్స్ లైన్‌లో పిడుగుల వల్లా, పెద్ద మోటార్ల వల్లా మైక్రోసెకన్ల పాటు వేల వోల్టుల ఉప్పెన వస్తుంది. మీటర్ దాన్ని తట్టుకోవాలి. గోడ సాకెట్‌కు తగిలించే పరికరాలకు క్యాట్ 2, డిస్ట్రిబ్యూషన్ బోర్డుకూ, స్థిరంగా బిగించిన వైరింగ్‌కూ క్యాట్ 3, భవనంలోకి కరెంటు వచ్చే చోటుకు క్యాట్ 4.

క్యాట్ 2లో 1000 వోల్టుల మీటర్, క్యాట్ 3లో 600 వోల్టుల మీటర్ రెండూ 6000 వోల్టుల ఉప్పెనతోనే పరీక్షకు నిలబడతాయి. అయితే మొదటిదానికి ఆ ఉప్పెన 12 ఓమ్‌ల గుండా, రెండోదానికి 2 ఓమ్‌ల గుండా వస్తుంది. అంటే లోపల ఆర్క్ పుడితే 500 యాంపులు ఒకచోట, 3000 యాంపులు ఇంకోచోట. అంకె పెద్దది కదా అని వెయ్యి వోల్టుల క్యాట్ 2 మీటర్‌తో మెయిన్ బోర్డు దగ్గరికి వెళ్లేవాళ్లకు ఈ లెక్క తెలియాలి.

400 వోల్టుల డీసీ మీదున్న చిన్న రిపుల్ (అల) చూడాలి. ఏసీ కప్లింగ్ పెడితే స్కోప్‌కు డీసీ తగలదు కదా?

స్క్రీన్ మీద కనిపించదు, ఇన్‌పుట్‌కు తగులుతుంది. ఏసీ కప్లింగ్ అంటే లోపల ఒక కెపాసిటర్ అడ్డం పెట్టడమే, ఆ 400 వోల్టులూ అది మోయాలి. రేటింగ్ మారదు. 10ఎక్స్ ప్రోబ్‌తో చూస్తే రిపుల్ కూడా పదో వంతే వస్తుంది, 20 మిల్లీవోల్టుల రిపుల్ స్కోప్ నాయిస్‌లో కలిసిపోతుంది. తగిన వోల్టేజీ రేటింగ్ ఉన్న కెపాసిటర్‌ను బయటే పెట్టి, దాని తరవాత రెసిస్టర్, రెండువైపులా క్లాంప్ డయోడ్లు పెట్టి చూడటం మేలు. క్లాంప్ ఎందుకంటే, స్విచ్ వేయగానే ఆ కెపాసిటర్ గుండా 400 వోల్టుల గంతు యథాతథంగా దాటి వస్తుంది.

మాస్‌ఫెట్ (స్విచ్‌లా వాడే ట్రాన్సిస్టర్) ఆన్‌లో ఉన్నప్పుడు దాని మీద ఎంత వోల్టేజీ పడుతోందో చూడాలి. ఆఫ్‌లో 400 వోల్టులు ఉంటుంది. ఎలా?

ఈ పేజీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న. చూడాల్సింది ఒక వోల్టు, దాని పక్కనే 400.

మొత్తం స్క్రీన్‌లో పట్టేలా పెడితే 8 బిట్ల స్కోప్‌లో 256 మెట్లే ఉంటాయి. 500 వోల్టులను 256తో భాగిస్తే మెట్టుకు దాదాపు 2 వోల్టులు. మీ ఒక వోల్టు మెట్టులో సగం. సరే, గడికి 1 వోల్టుకు పెంచుదాం అంటే 400 వోల్టుల భాగం స్క్రీన్ దాటి ఎక్కడికో పోతుంది. స్కోప్ యాంప్లిఫయర్ నిండిపోయి, మళ్లీ తేరుకునే లోపు చూపించేదంతా నమ్మదగింది కాదు. పైగా ప్రోబ్ కాంపెన్సేషన్‌లో (పైన చెప్పిన స్క్రూ సర్దుబాటులో) 1 శాతం తప్పున్నా 400లో అది 4 వోల్టులు, అసలు కొలతకు నాలుగు రెట్లు. ఎక్కువ బిట్ల స్కోప్ మొదటి ఇబ్బందిని తీరుస్తుంది, మిగతావి అలాగే ఉంటాయి.

దారి ఏమిటంటే, పెద్ద వోల్టేజీని ప్రోబ్ దాకా రానివ్వకపోవడం. 600 వోల్టులకు పైబడిన వేగమైన డయోడ్ ఒకటి తీసుకుని దాని క్యాథోడ్‌ను డ్రెయిన్‌కు (మాస్‌ఫెట్‌లో 400 వోల్టులు వచ్చే కాలుకు) కలపండి. యానోడ్‌కు 10 వోల్టుల చిన్న సప్లై నుంచి ఒక రెసిస్టర్ ఇవ్వండి. ఆ సప్లై మైనస్ సోర్స్‌కు (మాస్‌ఫెట్ అవతలి కాలుకు) కలవాలి. మాస్‌ఫెట్ ఆఫ్ అయితే డయోడ్ 400ను అడ్డుకుంటుంది, యానోడ్ దగ్గర 10 వోల్టులే కనిపిస్తాయి. ఆన్ అయితే డయోడ్ తెరుచుకుని, యానోడ్ దగ్గర మాస్‌ఫెట్ వోల్టేజీ, డయోడ్ సొంత డ్రాప్ కలిసి వస్తాయి. ఆ డ్రాప్‌ను అదే కరెంటు దగ్గర ముందే కొలిచి తీసేయండి. స్కోప్‌కు ఇప్పుడు 10 వోల్టులకు మించి రాదు. గేట్ డ్రైవర్ చిప్‌లు షార్ట్ సర్క్యూట్‌ను పసిగట్టడానికి వాడేదీ ఇదే కిటుకు.

సోర్స్ ఎర్త్‌కు సంబంధం లేనిదైతే పైన మెయిన్స్ గురించి చెప్పినదంతా ఇక్కడా వర్తిస్తుంది.

100 వాట్ల ట్రాన్స్‌మిటర్‌ను స్పెక్ట్రమ్ అనలైజర్‌కు కలపాలి.

చాలా అనలైజర్ల హద్దు 1 వాట్. వంద వాట్లకు 20 డెసిబెల్స్ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించేది) పెడితే సరిగ్గా అంచు మీదే ఉంటారు. 40 డెసిబెల్స్ పెడితే 10 మిల్లీవాట్లు చేరతాయి. మొదటి అటెన్యుయేటర్ దాదాపు వంద వాట్లనూ వేడిగా మార్చాలి కాబట్టి దాని వాటేజీ చూడండి. పెద్ద వాటి మీద ఏ వైపు ఇన్‌పుట్ అన్నది రాసి ఉంటే అలాగే పెట్టాలి. అనలైజర్ డీసీని ఎంత ఒప్పుకుంటుందో కూడా చూడండి, కొన్ని అసలు ఒప్పుకోవు.

కనిపిస్తున్న హార్మోనిక్ ట్రాన్స్‌మిటర్‌దా, అనలైజర్‌దా అని అనుమానమొస్తే బయట ఇంకో 10 డెసిబెల్స్ పెట్టండి. హార్మోనిక్ కూడా సరిగ్గా 10 తగ్గితే అది నిజమైనది. అంతకన్నా ఎక్కువ పడిపోతే అనలైజర్ సొంత సృష్టి.

ఆడియో యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌ను సౌండ్ కార్డుతో కొలవొచ్చా?

8 ఓమ్‌ల మీద 100 వాట్లు అంటే 28 వోల్టుల ఆర్‌ఎంఎస్, 40 వోల్టుల పీక్. లైన్ ఇన్ తీసుకునేది ఒకటి రెండు వోల్టులు. 18, 1 కిలో ఓమ్‌ల డివైడర్ దాన్ని వోల్టున్నర చేస్తుంది. యాంప్ బ్రిడ్జి రకమైతే స్పీకర్ టెర్మినళ్లు రెండూ సిగ్నలే, ఏదీ గ్రౌండ్ కాదు. నల్లది గ్రౌండ్ అనుకుని సౌండ్ కార్డుకు కలిపితే యాంప్‌లో సగభాగం షార్ట్ అవుతుంది.

మైక్రోవేవ్ ఓవెన్ హైవోల్టేజీ కొలవాలంటే ఏ ప్రోబ్ కావాలి?

ఏ ప్రోబూ వద్దు. అక్కడ వేల వోల్టులు ఉండటమే కాదు, దాని వెనక అర యాంపు ఇవ్వగల ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. చిన్న పొరపాటుకే ప్రాణం పోతుంది. రిపేర్‌కు కావలసినవన్నీ ప్లగ్ తీసి, కెపాసిటర్ డిస్చార్జ్ చేసి, ఓమ్‌లలో చూసుకోవచ్చు.

పొరపాటున మీటర్‌కు హద్దు మించి వోల్టేజీ తగిలింది. ఇంకా పనిచేస్తోంది. వాడొచ్చా?

బల్ల మీది 5 వోల్టుల పనికి వాడుకోవచ్చేమో గానీ, మెయిన్స్ దగ్గరికి తీసుకెళ్లకండి. లోపల ఉప్పెనను మింగే వేరిస్టర్లు, రెసిస్టర్లు సగం దెబ్బతిని ఉన్నా రీడింగ్ సరిగ్గానే రావచ్చు. బ్యాటరీ తీసి, లీడ్లు పీకి, వెనక మూత తెరిచి నల్లబడిన చోట్లు, పగిలిన భాగాలు ఉన్నాయేమో చూడండి. ఫ్యూజ్ పోతే అదే రేటింగ్‌ది, అదే రకందే వేయాలి. 1000 వోల్టుల సిరామిక్ ఫ్యూజ్ చోట గాజు ఫ్యూజ్ పెడితే రెండోసారి ఆర్క్ ఆరదు. స్కోప్ అయితే ఇన్‌పుట్‌ను గ్రౌండ్ చేసి ప్రతి రేంజ్‌లోనూ సున్నా గీత కదులుతోందేమో చూడండి. ఒక రేంజ్‌లో బాగుండి ఇంకో రేంజ్‌లో గీత పక్కకు జరిగితే అటెన్యుయేటర్ దశ దెబ్బతిన్నట్టే, దాన్ని సర్వీస్‌కు పంపాలి.